‘చనిపోతే’ దగ్గర ఆగిపోయే ఆట: మ్యాజిక్ రూల్స్ చిట్టీల డైరీ

మా ఇంట్లో ఆడేది మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట. కార్డులు ఇంగ్లీషులో ఉంటాయి, వాదనలు తెలుగులో జరుగుతాయి. ఒకటి రెండోదానిలోకి మారేటప్పుడు ఎక్కడ తప్పు దొర్లుతోందో పట్టుకోవడానికే ఈ పని. నేను, మావారు, మా పిన్ని కొడుకు (తమ్ముడు), ఆఫీసు స్నేహితురాలు, నలుగురం ప్రతి ఆదివారం హైదరాబాద్‌లో మా ఇంట్లో కమాండర్ ఆడతాం, అంటే ఒక్కొక్కరికి ‘కమాండర్’ అనే నాయకుడి కార్డు ఉండే పద్ధతి. తలా 100 కార్డుల డెక్ (కట్ట), తలా 40 లైఫ్ (ప్రాణం పాయింట్లు). మాకు కావలసింది ఒక చిట్టీల పెట్టె. ప్రతి చిట్టీకీ ఒక వైపు చిక్కు ప్రశ్న, రెండో వైపు జవాబు, కింద రూల్ నంబరు ఉండాలి. ఇలాంటిది చేసుకోవాలనుకునేవాళ్లకు మా డబ్బులు, ఆదివారాలు ఎక్కడెక్కడ వృథా అయ్యాయో తెలియాలని అన్నీ రాస్తున్నాను.

దశ 1: తగాదాల లెక్క (6 ఆదివారాలు)

1. బల్ల మీద ఒక నోట్‌బుక్. ఆట ఎక్కడ ఆగితే అక్కడ ఏ కార్డుల మధ్య చిక్కు వచ్చిందో రాయాలి.
2. ఫోన్‌లో స్టాప్‌వాచ్. వాదన మొదలైనప్పుడు నొక్కాలి, తేలాక ఆపాలి.
3. ఎవరేం అన్నారో వాళ్ల మాటల్లోనే రాయాలి. ఈ మూడోది నేను దాదాపు వదిలేయబోయాను. తర్వాత అన్నింటికన్నా పనికొచ్చింది ఇదే.
4. తేలిన జవాబుకు కాంప్రహెన్సివ్ రూల్స్‌లో (ఆట పూర్తి అధికారిక రూల్స్‌లో) నంబరు వెతికి పక్కన రాయాలి.

ఆరు వారాలకు మొత్తం 31 తగాదాలు. రీప్లేస్‌మెంట్‌కీ (జరగబోయేదానికి బదులు ఇంకోటి జరిపేది) ట్రిగ్గర్‌కీ (ఏదైనా జరగగానే పుట్టేది) మధ్య 9, లేయర్లు (ఎఫెక్ట్‌లను ఏ వరసలో లెక్కేయాలో చెప్పే మెట్లు) 8, స్టాక్ (వేసిన కార్డులు, ట్రిగ్గర్లు తమ వంతు కోసం ఆగే దొంతర) 7, టార్గెట్ (గురిపెట్టడం) 4, మిగతావి 3. సగటున ఒక్కోదానికి 11 నిమిషాలు. అంటే ఆరు ఆదివారాల్లో దాదాపు అయిదు గంటల నలభై నిమిషాలు ఆడకుండా వాదించుకున్నాం. అన్నిటికన్నా పొడవైనది 34 నిమిషాలు, బ్లడ్ మూన్ అనే కార్డు మీద. దాని సంగతి దశ 5లో చెబుతాను.

టార్గెట్ తగాదాలు నాలుగూ ఒకే రకం, ఇక్కడితో వదిలేస్తున్నాను. హెక్స్‌ప్రూఫ్ అన్న రక్షణ ఉన్న క్రీచర్‌ని (పోరాడే జీవి కార్డుని) ప్రత్యర్థి టార్గెట్ చేయలేడు, అంతే. ‘అన్ని క్రీచర్లనీ డెస్ట్రాయ్ చేయి’ అన్న కార్డు దేన్నీ టార్గెట్ చేయదు కాబట్టి హెక్స్‌ప్రూఫ్ దానికి అడ్డుకాదు. చాలా కార్డుల విషయంలో, మీద టార్గెట్ అన్న మాట ఉందో లేదో చూస్తే చాలు.

దశ 2: అచ్చు

31 తగాదాల్లోంచి 27 చిట్టీలు తయారయ్యాయి. మ్యాజిక్ కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు. ఏ4 షీటులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది పడతాయి. 189 × 264 పోగా పక్కలకు పదిన్నర, పైకీ కిందకీ పదహారున్నర మిల్లీమీటర్ల మార్జిన్ మిగులుతుంది. అందుకే 300 జీఎస్ఎమ్ కాగితం మీద మూడు షీట్లకే రెండు వైపులా ప్రింట్ తీయించాను.

పాడైనవి మూడు:

1. షాపులో ‘ఫిట్ టు పేజ్’ పెట్టి తీశారు. చిట్టీ 61 × 85 వచ్చింది. స్లీవ్‌లో (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్‌లో) వేస్తే అటూ ఇటూ జారుతోంది. ‘యాక్చువల్ సైజ్’ అని నోటితో చెబితే సరిపోదు. స్కేలు వెంట తీసుకెళ్లి మొదటి షీటు అక్కడే కొలవండి.
2. వెనక వైపు అచ్చు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. ముందు వైపు గీత మీద కత్తిరిస్తే వెనక జవాబులో చివరి అక్షరాలు పోతున్నాయి.
3. అక్షరాలు 8 పాయింట్లలో పెట్టాను. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగిలి, ‘ఎక్సైల్’ (ఆట నుంచి వెలి), ‘గ్రేవ్‌యార్డ్’ (వాడేసిన, చచ్చిన కార్డుల గుట్ట) రెండూ నల్లటి మరకల్లా కనిపించాయి.

మార్చినవి: అక్షరాలు 9.5 పాయింట్లు, వరసల మధ్య దూరం 1.45. ఒక వైపు 45 మాటలకు మించకూడదని నియమం పెట్టుకున్నాను. రెండు వైపుల ప్రింట్ పూర్తిగా మానేశాను. ప్రశ్న ఒక కాగితం, జవాబు ఒక కాగితం, రెండూ వీపులు కలిపి ఒకే స్లీవ్‌లో పెడితే జరగడం అన్న సమస్యే ఉండదు. జవాబులో తప్పు దొరికితే ఆ ఒక్క కాగితం మార్చుకుంటే చాలు. స్లీవ్‌లు రెండు వైపులా పారదర్శకంగా ఉండేవే కొనాలి.

ఖర్చు: పాడైన షీట్లు 3 × ₹40 = ₹120. స్లీవ్‌లు 100, ₹120. కొత్త షీట్లు 6 × ₹25 = ₹150.
ఇప్పటికి మొత్తం: ₹390.

దశ 3: చిట్టీల్లోనే తప్పులు

అచ్చు బాగా వచ్చిందని నాలుగు చిట్టీలను నమ్మేశాం. నాలుగూ తప్పే.

మొదటిది టార్మొగోయ్ఫ్ అనే క్రీచర్. అన్ని గ్రేవ్‌యార్డుల్లోనూ కలిపి ఎన్ని రకాల కార్డులు (ల్యాండు, ఇన్‌స్టంట్, క్రీచర్ లాంటివి) ఉంటే దాని పవర్ (కొట్టే బలం) అంత, టఫ్‌నెస్ (తట్టుకునే బలం) అంతకు ఒకటి ఎక్కువ. 2/3 అంటే పవర్ 2, టఫ్‌నెస్ 3. నా చిట్టీలో ఇలా ఉంది: ‘టార్మొగోయ్ఫ్ 2/3గా ఉంది. లైట్నింగ్ బోల్ట్ 3 డ్యామేజ్ కొట్టింది. బతుకుతుందా?’ జవాబు: బతుకుతుంది. బోల్ట్ రిజాల్వ్ అవడంలో (స్టాక్ మీంచి తీసి అమలు చేయడంలో) ఆఖరి పని బోల్ట్ కార్డు గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లడం. ఏది చావాలో చూసే స్టేట్ బేస్డ్ యాక్షన్ల తనిఖీ ఆ తర్వాతే. తనిఖీ వచ్చేసరికి బోల్ట్ తాలూకు ఇన్‌స్టంట్ అన్న కొత్త రకం చేరి టార్మొగోయ్ఫ్ 3/4 అయిపోతుంది. మూడు డ్యామేజ్ దాన్ని చంపదు.

రెండు వారాల తర్వాత ఇదే చిక్కు నిజం ఆటలో వచ్చింది. తమ్ముడు చిట్టీ తీసి చూపించాడు, క్రీచర్ బతికింది అన్నాం, ఆట సాగిపోయింది. ఆ రాత్రి నోట్‌బుక్ చూస్తుంటే గుర్తొచ్చింది: గ్రేవ్‌యార్డుల్లో అప్పటికే ఒక ల్యాండు, ఒక ఇన్‌స్టంట్ ఉన్నాయి. కొత్త రకం ఏదీ చేరలేదు. అది 2/3గానే ఉండి చచ్చిపోవాలి. చిట్టీలో ‘ఏ గ్రేవ్‌యార్డ్‌లోనూ ఇన్‌స్టంట్ లేదు’ అన్న ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల ఆటే మారిపోయింది. అప్పటి నుంచి ప్రతి ప్రశ్నా ‘అంతకుముందు ఏముంది’ అన్న వరసతో మొదలవుతుంది.

రెండోదీ మూడోదీ బ్లాకర్ల మీద. ఒక అటాకర్‌ని ఇద్దరు బ్లాక్ చేస్తే, ముందు వరస పెట్టి, మొదటివాడికి చావుకు సరిపడా కొట్టాకే రెండోవాడికి కొట్టాలని రాశాను. అది పాత రూల్. 2024 నవంబరులో ఫౌండేషన్స్ సెట్‌తో ఆ వరస తీసేశారు. ఇప్పుడు అటాకర్ డ్యామేజ్‌ని బ్లాకర్ల మధ్య తనకిష్టమైనట్టు పంచుకోవచ్చు. ట్రాంపుల్ (బ్లాకర్లకు పోను మిగిలిన డ్యామేజ్ ప్లేయర్‌కి తగలడం) సంగతి మాత్రం మారలేదు. ప్లేయర్‌కి ఏమైనా మిగల్చాలంటే బ్లాకర్లందరికీ చావుకు సరిపడా కేటాయించాలి. డెత్‌టచ్ (కొంచెం డ్యామేజ్‌తోనే చంపే గుణం) కూడా ఉంటే ఒక్కొక్కరికి 1 చాలు.

నాలుగోది కమాండర్ చావు. కమాండర్ గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లదు, నేరుగా కమాండ్ జోన్‌కి (కమాండర్‌ని విడిగా ఉంచే చోటుకి) వెళ్తుంది కాబట్టి ‘చావు’ ట్రిగ్గర్లు రావని రాశాను. 2020 వరకు, కమాండ్ జోన్‌కి పంపుకుంటే అంతే. ఆ ఏడాది మార్చారు. ఇప్పుడు కమాండర్ నిజంగానే గ్రేవ్‌యార్డ్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి ఓనర్ కావాలంటే కమాండ్ జోన్‌కి తెచ్చుకోవచ్చు. చావు జరిగినట్టే, ట్రిగ్గర్లూ వచ్చినట్టే.

మార్చినవి: ఎప్పుడో దాచుకున్న రూల్స్ ఫైలు తీసేశాను. కొత్త సెట్ వచ్చినప్పుడల్లా తాజా ఫైలు దించుకుని, ప్రతి చిట్టీ మూలన చూసిన తేదీ పెన్సిల్‌తో వేస్తున్నాను.

ఖర్చు: నాలుగు చిట్టీలు, ఎనిమిది కాగితాలు, ఒక షీటు, ₹25.
ఇప్పటికి మొత్తం: ₹415.

మొదటి పరీక్ష

12 చిట్టీలు తీసి జవాబు చూపకుండా అడిగాను. చిట్టీలు రాసింది నేనే కాబట్టి నన్ను లెక్కలోంచి తీసేయాలి. మొదట ఆ సంగతి తోచక నా జవాబులు కూడా కలిపాను, తర్వాత కొట్టేశాను. ముగ్గురికి కలిపి 36 జవాబులు.

స్టాక్: 9కి 8 ఒప్పు.
లేయర్లు: 12కి 4.
రీప్లేస్‌మెంట్, ట్రిగ్గర్: 15కి 5.
మొత్తం: 36కి 17.

స్టాక్ మాకు ఇబ్బందే కాదు. పళ్లేల దొంతర అనుకుంటే చాలు, ఆఖర్న పెట్టింది ముందు తీస్తాం. కానీ 15కి 5 చూసి నాకు చాలా బాధేసింది. ఆ జవాబులు అంతకుముందు వారమే అందరూ చదివారు.

దశ 4: ‘తే’

నోట్‌బుక్‌లో మనుషుల మాటలు రాసుకున్న పేజీలు అప్పుడు తిరగేశాను. ఒక తగాదా ఉన్నదున్నట్టు ఇది. బల్ల మీద తమ్ముడి రెస్ట్ ఇన్ పీస్ (గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లబోయేవాటిని ఎక్సైల్ చేసే కార్డు) ఉంది, మావారి బ్లడ్ ఆర్టిస్ట్ (క్రీచర్ చనిపోయిన ప్రతిసారీ లైఫ్ ఇచ్చే కార్డు) ఉంది. నా స్నేహితురాలు అన్ని క్రీచర్లనీ డెస్ట్రాయ్ చేసే కార్డు వేసింది.

తమ్ముడు: “బావా, చనిపోతే అన్నీ ఎక్సైల్ అవుతాయి.”
మావారు: “అవనీ రా. చనిపోతే నాకు లైఫ్ వస్తుంది. చనిపోయాయిగా!”

ఇద్దరూ ‘చనిపోతే’ అనే అన్నారు. తమ్ముడి కార్డు మీద ఉన్నది ఇంగ్లీషులో ‘ఇఫ్... వుడ్... ఇన్‌స్టెడ్’. మావారి కార్డు మీద ఉన్నది ‘వెనెవర్... డైస్’. ఇవి రెండు వేరు వేరు యంత్రాలు. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకే ‘తే’లో కలిసిపోయాయి. రీప్లేస్‌మెంట్ తగాదాలు తొమ్మిదీ చూశాను. ఏడింటిలో రెండు పక్షాలవాళ్లూ ‘తే’నే వాడారు.

ఇది మన భాషలో లోపమేమీ కాదు. ఇంట్లో ‘పాలు పొంగితే స్టవ్ కట్టెయ్’ అంటే పొంగి పొయ్యి మీద పడ్డాక కట్టమని ఎవరూ అనుకోరు. పొంగబోతుంటే కట్టమని అర్థమైపోతుంది. అదే అమ్మ ‘పాలు పొంగితే పొయ్యి తుడువు’ అంటే పొంగాక తుడవమని. మాట ఒకటే, సందర్భం తేడా చెబుతుంది. కార్డుల దగ్గర ఆ సందర్భం ఉండదు. రెస్ట్ ఇన్ పీస్ స్టవ్ కట్టేసే మనిషి. పాలు అసలు పొంగనే లేదు, కాబట్టి బ్లడ్ ఆర్టిస్ట్‌కి తుడవడానికి ఏమీ లేదు. గ్రేవ్‌యార్డ్‌కి చేరడమే చావు. చేరలేదు, కాబట్టి చావలేదు. మావారికి ఒక్క లైఫ్ కూడా రాదు.

అన్ని చిట్టీలకూ పెట్టుకున్న నియమాలు:

1. ట్రిగ్గర్ అయితే ‘...గానే’ లేదా ‘...ప్రతిసారీ’. ‘క్రీచర్ చనిపోయిన ప్రతిసారీ.’
2. రీప్లేస్‌మెంట్ అయితే ‘...బోతుంటే, దానికి బదులు’. ‘కార్డు గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లబోతుంటే, దానికి బదులు ఎక్సైల్.’
3. గడువు ఉంటే ‘...దాకా’.
4. ఇంగ్లీషు ‘మే’ ఉంటే ‘...వచ్చు’. ‘కావాలంటే’ వద్దు, అందులోనూ ఒక ‘తే’ వాసన ఉంది.
5. ‘తే’ అన్నది అచ్చమైన షరతుకే.

మూడో నియమం అక్కరలేదని తమ్ముడు అన్నాడు. ఆబ్లివియన్ రింగ్, బానిషింగ్ లైట్ అనే కార్డుల్ని పక్కపక్కన పెట్టి చూపించాను. రెండూ ఒక పర్మనెంట్‌ని (బ్యాటిల్‌ఫీల్డ్ మీద, అంటే ఆట బల్ల మీద నిలిచి ఉండే కార్డుని) ఎక్సైల్ చేసేవే. 2007 నాటి రింగ్‌లో రెండు ట్రిగ్గర్లు ఉన్నాయి: రాగానే ఎక్సైల్, పోగానే వెనక్కి. మొదటి ట్రిగ్గర్ ఇంకా స్టాక్ మీద ఉండగానే రింగ్‌ని ఎవరైనా పీకేస్తే ‘వెనక్కి’ ముందు రిజాల్వ్ అవుతుంది. తీసుకురావడానికి ఏమీ ఉండదు. తర్వాత ‘ఎక్సైల్’ రిజాల్వ్ అయ్యి, ఆ కార్డు ఎప్పటికీ తిరిగిరాదు. 2014 నాటి బానిషింగ్ లైట్‌లో ‘ఇది బ్యాటిల్‌ఫీల్డ్ వదిలేదాకా’ అని ఉంటుంది. ముందే పీకేస్తే గడువు అప్పటికే తీరిపోయింది కాబట్టి ఏదీ ఎక్సైల్ కాదు. ‘దాకా’ ఒక్క మాటే ఇంత తేడా తెస్తుంది.

ఈ నియమాల్లో నేనే జారిపడ్డ చోటు ఫెలిడార్ సావరిన్ అనే కార్డు. కార్డు చెప్పేది: నీ అప్‌కీప్ (నీ వంతు మొదట్లో వచ్చే దశ) మొదలవగానే, నీకు 40 గానీ ఎక్కువ గానీ లైఫ్ ఉంటే, ఆట నువ్వే గెలుస్తావు. ‘తే’ని చూడగానే తీసేయాలన్న ఊపులో ‘40 లైఫ్ ఉన్న అప్‌కీప్ మొదలవగానే గెలుస్తావు’ అని రాసేశాను. 40 లైఫ్‌తో మొదలయ్యే కమాండర్‌లో ఇది పెద్ద తప్పు. ఇక్కడి ‘ఉంటే’ నిజం షరతు. దాన్ని రెండుసార్లు చూస్తారు: ట్రిగ్గర్ పుట్టేటప్పుడు ఒకసారి, రిజాల్వ్ అయ్యేటప్పుడు ఇంకోసారి. ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగా ఎవరైనా లైట్నింగ్ బోల్ట్‌తో 40ని 37 చేస్తే గెలుపు లేదు. నా వాక్యం చదివినవాళ్లకు బోల్ట్ వేసే ఆలోచనే రాదు. చిట్టీలో ఇప్పుడు ‘అప్పటికి 40 ఉంటే, రిజాల్వ్ అయ్యేటప్పటికీ ఉంటే’ అని ఉంది.

రెండు ‘బదులు’లు ఒకేసారి వస్తే ఏది ముందన్నది ఆ వస్తువు కంట్రోలర్ ఇష్టం. డబ్లింగ్ సీజన్ (కౌంటర్లను రెట్టింపు చేసేది), హార్డెన్డ్ స్కేల్స్ (ఒకటి ఎక్కువ పెట్టేది) రెండూ నీవే అయి, ఏదో ఎఫెక్ట్ నీ క్రీచర్ మీద ఒక +1/+1 కౌంటర్ (పవర్, టఫ్‌నెస్ ఒక్కొక్కటి పెంచే గుర్తు) పెట్టబోతుంటే: స్కేల్స్ ముందైతే 1కి 2, దానికి రెట్టింపు 4. సీజన్ ముందైతే 1కి 2, దానికి ఒకటి కలిపి 3. నాలుగు ఎంచుకోండి.

ఖర్చు: 9 చిట్టీలు, 18 కాగితాలు, 2 షీట్లు, ₹50.
ఇప్పటికి మొత్తం: ₹465.

రెండో పరీక్షలో కార్డుల పేర్లు మార్చాను, చిక్కు అదే ఉంచాను. లేకపోతే అది జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుంది. రీప్లేస్‌మెంట్, ట్రిగ్గర్ 15కి 13. స్టాక్ 9కి 9. లేయర్లు కదల్లేదు, 12కి 4. మొత్తం 36కి 26.

దశ 5: లేయర్ల బల్ల

లేయర్లకు మాటలు మార్చి లాభం లేదు. చేత్తో కదపాలి. ఏ3 షీటు మీద ఏడు గళ్లు గీసి లామినేట్ చేయించాను: 1 కాపీ, 2 కంట్రోల్, 3 టెక్స్ట్, 4 టైప్, 5 రంగు, 6 ఎబిలిటీలు, 7 పవర్, టఫ్‌నెస్. కౌంటర్లకు చింతపిక్కలు.

మొదటి బల్ల పాడైంది. పరీక్ష ఇది: 2/2 గ్రిజ్లీ బేర్స్ మీద రెండు +1/+1 కౌంటర్లు. దాని మీద జయంట్ గ్రోత్, +3/+3. ఆ తర్వాత టర్న్ టు ఫ్రాగ్, అంటే బేస్ (మూల విలువ) 1/1 కప్ప. మావారు ఏడో గడిలో అన్నీ వచ్చిన వరసలో పేర్చుకుంటూ పోయారు. 2, పిక్కలు రెండు కలిపి 4, గ్రోత్‌తో 7, ఆఖర్న కప్ప, 1/1. తప్పు ఆయనది కాదు, ఏడో గడిని ఒకే గడిగా గీసిన నాది. రెండో బల్లలో దాన్ని నాలుగు వరసలు చేశాను:

7-ఏ: తన విలువను తానే చెప్పుకునేవి, టార్మొగోయ్ఫ్ లాంటివి.
7-బి: బేస్‌ని ఇంత అని పెట్టేవి.
7-సి: కలిపేవి, తీసేసేవి, కౌంటర్లు.
7-డి: పవర్, టఫ్‌నెస్ తారుమారు చేసేవి.

కప్ప 7-బిలో కూర్చుంటుంది: 1/1. గ్రోత్, రెండు పిక్కలు 7-సిలో: అయిదు కలుస్తుంది. 6/6 కప్ప. పిక్కలు చేత్తో కింది వరసలోకి జరిపాక ఆయన మళ్లీ ఈ తప్పు చేయలేదు.

ఇక ఆ 34 నిమిషాలు. స్నేహితురాలి ‘అర్బోర్గ్, టూంబ్ ఆఫ్ యాగ్మాత్’ అనే ల్యాండు (మనా అనే శక్తినిచ్చే కార్డు) బల్ల మీద ముందు నుంచీ ఉంది. దాని వల్ల ప్రతి ల్యాండూ ఉన్న రకానికి తోడు స్వాంప్ కూడా అవుతుంది. తమ్ముడు తర్వాత బ్లడ్ మూన్ వేశాడు: నాన్‌బేసిక్ (అర్బోర్గ్ లాంటి ప్రత్యేక) ల్యాండ్లు మౌంటెన్లు. “నాది ముందొచ్చింది, కాబట్టి ముందు పనిచేస్తుంది” అని ఆమె. “ఆఖర్న వచ్చిందే నెగ్గుతుంది” అని వీడు. ఇద్దరూ టైమ్‌స్టాంప్ (ఏది ముందొచ్చిందన్న వరస) గురించే మాట్లాడుతున్నారు, ఇక్కడ టైమ్‌స్టాంప్‌కి పనే లేదు. రెండూ నాలుగో లేయర్‌వే. కానీ బ్లడ్ మూన్ ముందు పనిచేస్తే అర్బోర్గ్ మౌంటెన్ అయ్యి, తన ఎబిలిటీనే పోగొట్టుకుంటుంది. అర్బోర్గ్ ఉనికి బ్లడ్ మూన్ మీద ఆధారపడి ఉంది, బ్లడ్ మూన్ దేని మీదా ఆధారపడి లేదు. దీన్ని డిపెండెన్సీ అంటారు, రూల్ 613.8. ఆధారపడనిది ముందు. ఏది ఎప్పుడు వచ్చినా అర్బోర్గ్ ఎర్ర మనా ఇచ్చే మౌంటెన్, దాని వల్ల ఏ ల్యాండూ స్వాంప్ కాదు. బల్ల మీద దీనికి చిన్న బాణం కాగితం చేశాను. ఒక కార్డు పనిచేస్తే రెండోది మాయమవుతుందా అని అడిగి, అవుతుందంటే బాణం పెట్టాలి.

బల్లకు ఆఖరి పరీక్ష హ్యుమిలిటీ, ఒపలెసెన్స్ అనే రెండు ఎన్‌చాంట్‌మెంట్లు (బల్ల మీద నిలిచే మంత్రం కార్డులు). హ్యుమిలిటీ: క్రీచర్లన్నీ ఎబిలిటీలు పోగొట్టుకుంటాయి, బేస్ 1/1. ఒపలెసెన్స్: ఆరా (ఇంకోదానికి తగిలించే ఎన్‌చాంట్‌మెంట్) కాని మిగతా ఎన్‌చాంట్‌మెంట్లన్నీ క్రీచర్లు, బేస్ వాటి మనా వాల్యూ (వేయడానికయ్యే మనా). హ్యుమిలిటీది 4. నాలుగో గడిలో హ్యుమిలిటీ క్రీచర్ అయింది. ఆరో గడిలో తన ఎబిలిటీని తానే తీసేసుకుంది. అయినా ఒక గడిలో పని మొదలుపెట్టిన ఎఫెక్ట్ తర్వాతి గళ్లలోనూ కొనసాగుతుంది. 7-బిలో రెండూ ఉన్నాయి, ఇక్కడ టైమ్‌స్టాంపే. హ్యుమిలిటీ ముందు వచ్చి ఉంటే అది 4/4. ఒపలెసెన్స్ ముందు వచ్చి ఉంటే 1/1. ఒక్కో గడి దాటిస్తూ ముగ్గురూ ఆరు నిమిషాల్లో తేల్చేశారు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ ఆట గెలిచినా రాలేదు.

ఖర్చు: మొదటి బల్ల ప్రింట్ ₹60, లామినేషన్ ₹50. రెండో బల్లకు మళ్లీ ₹110.
ఇప్పటికి మొత్తం: ₹685.

మూడో పరీక్ష: లేయర్లు 12కి 9, స్టాక్ 9కి 9, రీప్లేస్‌మెంట్ 15కి 13. మొత్తం 36కి 31. గత నాలుగు ఆదివారాల్లో తగాదాలు 9, సగటు 4 నిమిషాలు.

దశ 6: మిగిలినవి

రీప్లేస్‌మెంట్‌లో తప్పిన ఆ రెండూ రెండు పరీక్షల్లోనూ టోకెన్ల (డెక్‌లోంచి కాకుండా ఎఫెక్ట్ పుట్టించే క్రీచర్ల లాంటివాటి) మీదే. ‘టోకెన్ చనిపోదు, మాయమవుతుంది’ అని తమ్ముడూ స్నేహితురాలూ గట్టిగా నమ్ముతున్నారు. టోకెన్ కూడా గ్రేవ్‌యార్డ్‌కి వెళ్తుంది, ఆ తర్వాతే లేకుండా పోతుంది. కాబట్టి బ్లడ్ ఆర్టిస్ట్‌కి లెక్కే. రెస్ట్ ఇన్ పీస్ ఉంటే మాత్రం టోకెన్ కూడా వెళ్లకుండానే ఎక్సైల్ అవుతుంది.

ఇది 28వ చిట్టీ. ప్రస్తుతానికి పెన్నుతో రాసి స్లీవ్‌లో పెట్టాను. షీటుకు తొమ్మిది కాగితాలు, అంటే నాలుగు చిట్టీలు. నోట్‌బుక్‌లో ఇంకో రెండు సిద్ధంగా ఉన్నాయి. మరొకటి దొరికాక ప్రింట్‌కి వెళ్తాను, స్కేలు తీసుకుని.